సివిల్ డిప్లొమా అయిపోయింది, సైటులో చేరాలా? మా నాయన వద్దంటున్నాడు

బేల్దారి_కొడుకు
మాది గుత్తి పక్కన పల్లె. ఈ ఏడాది సివిల్ డిప్లొమా అయిపోయింది, 71 శాతం, సబ్జెక్టులేవీ మిగల్లేదు. మా నాయన ఇరవై ఎనిమిదేళ్లుగా బేల్దారి మేస్త్రీ. బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఒక అపార్ట్‌మెంట్ సైటుకు సూపర్‌వైజర్‌గా రమ్మన్నారు. నెలకు 16 వేలు, సైటులోనే రేకుల షెడ్డులో గది, తిండి మనదే. సోమవారం లోపు ఏ సంగతో చెప్పాలి.

నాయన ఒప్పుకోవడం లేదు. "నేను మోసిన ఇసుక చాలదా, నువ్వు గూడా ఆ దుమ్ములోకేనా" అంటాడు. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరమంటాడు. మా మేనమామేమో అమీర్‌పేటలో ఏదో కోర్సు చేస్తే ఆరు నెలల్లో సాఫ్ట్‌వేర్ అంటాడు. నాకు చిన్నప్పటి నుంచి సైటంటే ఇష్టం. సెలవుల్లో నాయన వెంట పోయి ఇటుకలు తడిపేవాణ్ణి. ఇప్పుడు ఈ పనిలోకి పోతే పదేళ్లకు ఎక్కడుంటానో చెప్పగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి, బాధపడను.

కంకర_మిషన్
పదేళ్లకు అదే రేకుల షెడ్డులో ఉంటావు తమ్ముడూ. కాకపోతే కూలర్ ఉంటుంది.

సీమ_సాఫ్ట్‌వేర్
నేను అనంతపురంలో సివిల్ బీటెక్ చేసి రెండేళ్లు సైటులో ఉన్నా. జీతం 9 వేలు, 2013 సంగతి. ఆదివారం కూడా పనే, ఎందుకంటే స్లాబులు ఆదివారమే పెట్టుకునేవాళ్లు. ఒక సంక్రాంతికి ఇంటికి పోలేకపోయాను, అప్పుడే మానేసి కోడింగ్ నేర్చుకున్నా. ఇప్పుడు ఏసీలో కూర్చుంటున్నా. మీ మామ చెప్పిందే కరెక్ట్.

అయితే ఒక మాట. ఆరు నెలల్లో ఉద్యోగం అనేది అప్పట్లో. ఇప్పుడు మా కంపెనీలో కొత్తవాళ్లను తీసుకోవడం బాగా తగ్గించారు. ఫీజు కట్టే ముందు అది కూడా చూసుకో.

రసమట్టం
సాఫ్ట్‌వేర్ అన్నా, మీ ఇంటికి టైల్స్ వేసినోడు రోజుకెంత తీసుకున్నాడో గుర్తుందా?

నేను తాడిపత్రి. బండలు, టైల్స్, గ్రానైట్ పరుస్తా. చదువు తొమ్మిదితో సరి. చదరపు అడుగు లెక్కన గుత్తకు తీసుకుంటే నెలలో ఇరవై రోజుల పనికి ఖర్చులన్నీ పోను 30 వేలు తగ్గదు. మా సైటు ఇంజనీరు పిల్లోడికి 18 వేలు. నెలాఖరుకు నా దగ్గరే రెండు వేలు చేబదులు అడుగుతాడు. తమ్ముడు ఇంజనీరు అవుతానంటున్నాడు గానీ, నాయన దగ్గర పని నేర్చుకుంటే ఇంకా ముందే బాగుపడతాడు.

ఎం_బుక్
రసమట్టం చెప్పిన లెక్క ఈ రోజుకు నిజమే. కాదనను. కానీ మీ వయసెంత? నలభై ఐదు దాటాక మోకాళ్ల మీద కూర్చుని బండ పరిచే మేస్త్రీలను ఎంతమందిని చూశారు? నేను కర్నూలు నీటిపారుదలలో ముప్పై మూడేళ్లు చేసి రిటైరయ్యాను. మా దగ్గర రాతికట్టు పనిచేసిన మంచి మంచి మేస్త్రీలు యాభై ఏళ్లకే నడుము పట్టేసి ఇంటి దగ్గర కూర్చున్నారు. ఇంజనీరు జీతం మొదట్లో పాకుతుంది, పనివాడి కూలి మొదట్లోనే పరిగెత్తి ఒకచోట ఆగిపోతుంది. ఆ రెండు గీతలు ఎక్కడ కలుస్తాయన్నది మనిషిని బట్టి.

అబ్బాయ్, 16 వేలా 20 వేలా అన్నది వదిలెయ్. ఆ సైటులో నీ పైన ఎవరున్నారు? నీకు నేర్పే ఇంజనీరు ఉన్నాడా, లేక నువ్వొక్కడివే సైటంతానా? ముందు అది కనుక్కో.

రసమట్టం
నాకు 38 సార్. మోకాలు ఇప్పటికే చెప్తోంది. అందుకే నా కొడుకును పనికి రానీను. అంటే ఈ పిల్లోడి నాయన కూడా అదే చేస్తున్నాడు గదా. నేను రాసింది నాకే తగిలింది, సరే.

కంకర_మిషన్
ఈ వేదికలో ఓటమి ఒప్పుకున్న మొదటి మనిషి. స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకున్నా.

డ్రాయింగ్_అక్క
మాది కడప. 2015లో బీటెక్ సివిల్. ఇప్పుడు బెంగళూరులో క్వాంటిటీ సర్వేయర్‌ని, అంటే లెక్కలు, బిల్లులు. మొదటి ఏడాదిన్నర సైటులోనే చేశాను. మూడో రోజు బార్ బెండర్ (ఇనుము వంచే మేస్త్రీ) వచ్చి అడిగాడు: "మేడం, ఈ కాలంకి (పిల్లర్‌కి) రింగులు ఎంత పొడవు కోయమంటారు?" కాలేజీలో బెండింగ్ మూమెంట్ పటాలు పేజీలు పేజీలు గీశాను. ఈ ప్రశ్నకు మాత్రం నోట మాట రాలేదు. అతనే నవ్వి నేల మీద సుద్దముక్కతో వేసి చూపించాడు. 230×450 మిల్లీమీటర్ల కాలం, ఇనుము చుట్టూ వదిలే కాంక్రీటు (కవర్) 40 పోతే రింగు 150×370. చుట్టుకొలత 1040, రెండు హుక్కులకు 160 కలుపు, మలుపుల దగ్గర సాగేది కొంత తీసెయ్, 1.1 మీటరుకు కోయి. నా నాలుగేళ్ల చదువు కన్నా ఆ సుద్దగీత ఎక్కువ పనికొచ్చింది.

తమ్ముడూ, నీ ఇంట్లోనే అలాంటి మేస్త్రీ ఉన్నాడు. బీటెక్ వాళ్లకు లేనిది నీకు పుట్టుకతో ఉంది. సైటులో రెండేళ్లు చెయ్యి, కానీ రోజూ ఒక గంట కొలతలు రాసుకో. ఎంత కాంక్రీటు పడింది, ఎంత స్టీలు వాడారు, డ్రాయింగ్‌లో ఎంతుంది. సూపర్‌వైజర్లు వేలమంది ఉన్నారు. బిల్లు తయారుచేయగలిగే సూపర్‌వైజర్ కోసం కంపెనీలు వెతుక్కుంటున్నాయి.

కువైట్_కడప
అక్క చెప్పింది వందకు వంద. నేను కువైట్‌లో ఫోర్‌మన్. కడప నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ లెక్కలేనంత మంది. సర్టిఫికెట్ ఉన్నా పని తెలియనివాణ్ణి నెలలో పట్టేస్తారు. పని తెలిసి, డ్రాయింగ్ చదవగలిగి, రెండు ముక్కలు ఇంగ్లీషులో మెయిల్ రాయగలిగితే పైకి పోతావు. ఎండంటావా, జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ పగలు 11 నుంచి 4 వరకు బయట పని నిషేధం. మన అనంతపురంలో ఆ పాటి కూడా లేదు.

వచ్చే ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దు. మూడేళ్ల అనుభవంతో రా. ఏజెంటు లైసెన్సు ఉన్నవాడో కాదో కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకో. సర్వీసు చార్జీ 30 వేలు, పైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లక్షన్నర అడిగితే లేచి వచ్చెయ్.

గ్రూప్స్_గురూజీ
ఇవన్నీ ఎందుకప్పా. సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్ పోస్టులు 2019లో కుప్పలుగా వేశారు, డిప్లొమా చాలింది. మళ్లీ పడితే కొట్టెయ్. పుస్తకాలు ముందేసుకుని కూర్చో.

కంకర_మిషన్
గురూజీ ఎన్నాళ్ల నుంచి కూర్చున్నారు?

గ్రూప్స్_గురూజీ
ఆరేళ్లు. అది వేరే విషయం.

నల్లరేగడి
నేను నంద్యాల, కర్నూలులో ఇండిపెండెంట్ ఇళ్లు కట్టిస్తా. ఇక్కడ అందరూ జీతం గురించే మాట్లాడుతున్నారు. ఈ పనిలో మనిషిని తినేసేది ఎండ కాదు, దుమ్ము కాదు. రావాల్సిన డబ్బు. నేను ఒక ప్రభుత్వ భవనం సబ్ కాంట్రాక్ట్‌కు తీసుకుని పూర్తిచేశా. రెండేళ్లు బిల్లు రాలేదు. పైవాడు నాకు రాలేదంటాడు, వాడి పైవాడు నిధులు లేవంటాడు. నేను మాత్రం ప్రతి శనివారం సాయంత్రం కూలీలకు లెక్క కట్టాల్సిందే గదా. శనివారం అంటే ఒణుకు పుట్టేది. ఇంట్లో బంగారం పోయింది, ట్రాక్టర్ పోయింది. బిల్లు వచ్చాక చూసుకుంటే వడ్డీలకే సరిపోయింది.

కాబట్టి తమ్ముడూ, ఉద్యోగం చెయ్. నాలుగేళ్లు కాగానే "నేనే కాంట్రాక్టు చేస్తా" అనే పురుగు కుడుతుంది. అప్పుడు నా పోస్టు చదువుకో.

ఎం_బుక్
నల్లరేగడి గారి బాధ నాకు అటువైపు నుంచి తెలుసు. నేను కొలతలు రాసి సంతకం పెట్టిన బిల్లులు నెలల తరబడి పైన ఆగిపోతే, ఆ కాంట్రాక్టరు ఎదురొచ్చినప్పుడు తలదించుకుని పోయేవాణ్ణి. నా చేతుల్లో ఏమీ లేదు.

అయినా ఇందులో వేరే ఆనందం ఉంది, అది చెప్పకపోతే తప్పు. కేసీ కెనాల్ (కర్నూలు–కడప కాలువ) 1860ల్లో తవ్వారు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని ఒక ప్రైవేటు కంపెనీ మొదలుపెట్టింది. పడవలు నడపొచ్చని, నీటి తీరువాతో లాభాలు వస్తాయని లెక్కలేసుకున్నారు. ఆ లెక్క తప్పింది, చివరికి ప్రభుత్వం కొనుక్కుంది. కంపెనీ పోయింది, కాలువ మాత్రం సుంకేసుల నుంచి కడప దాకా ఇప్పటికీ పారుతోంది. దాని మీద పాత రాతి తూములకు నేను రిపేర్లు చేయించాను. సున్నం పెట్టిన ఆ కట్టుబడిని గునపంతో కొడితే రాయి పగిలింది గానీ సందు ఊడలేదు.

కంకర_మిషన్
అంటే 1860లో కూడా కాంట్రాక్టరుకు గిట్టుబాటు కాలేదన్నమాట. నల్లరేగడి అన్నా, ఊరట చెందు.

నల్లరేగడి
చెందా.

సీమ_సాఫ్ట్‌వేర్
సార్ కాలువ గురించి రాస్తుంటే నాకు మళ్లీ సైటుకు పోవాలనిపిస్తోంది. అందుకే ఇలాంటి పోస్టులు ప్రమాదం. తమ్ముడూ, నిన్ను మభ్యపెట్టే భాగం ఇదే, జాగ్రత్త.

ఆదోని_అమ్మాయి
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేను సివిల్ డిప్లొమా రెండో ఏడాది. మా క్లాసులో అమ్మాయిలం పదకొండు మంది. సైటుకు ఆడపిల్లలను తీసుకోరని మా లెక్చరరే అన్నారు. డ్రాయింగ్ అక్కా, నిజమేనా?

డ్రాయింగ్_అక్క
తీసుకోరు అన్నది అబద్ధం. తీసుకుని ఆఫీసులో కూర్చోబెడతారు అన్నది సగం నిజం. నేను పట్టుబట్టి సైటుకు పోయాను. మగవాళ్లు చెప్పని అసలు ఇబ్బంది బాత్రూమ్. నా మొదటి సైటులో లేదు. పొద్దున నీళ్లు తాగకుండా వెళ్లేదాన్ని, ఎండాకాలం యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. రెండో ఉద్యోగానికి ఇంటర్వ్యూలో "మీరేమైనా అడుగుతారా" అంటే మొట్టమొదట అదే అడిగాను. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. చేరేసరికి కట్టించారు. ఇటుకలు మోసే ఆడకూలీలు కూడా అదే వాడుకున్నారు. అంతకుముందు వాళ్లు ఏం చేసేవాళ్లో ఎవరూ ఆలోచించలేదు.

నువ్వు ఆటోక్యాడ్, ఎక్సెల్ బాగా నేర్చుకో. సర్వే ప్రాక్టికల్స్‌లో ఆటో లెవెల్ (మట్టం చూసే మిషన్) అబ్బాయిలకు వదిలేయకుండా నువ్వే పట్టుకో.

ఆదోని_అమ్మాయి
మా కాలేజీలో ఆటో లెవెల్ బీరువాలో ఉంది. తాళం సార్ దగ్గర ఉంది. సార్ ఎన్నికల డ్యూటీలో ఉన్నారు.

కంకర_మిషన్
ఇది మొత్తం సివిల్ విద్య మీద ఒక్క పోస్టులో రాసిన నివేదిక.

రసమట్టం
ఆదోని అంటే గుర్తొచ్చింది. ఆదోని, కోసిగి వైపు నుంచి మా సైటుకు కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. వానల్లేక పల్లె ఖాళీ చేసి వస్తారు, సగంమంది మిరపకాయలు కోయడానికి గుంటూరు, సగంమంది కాంక్రీటుకు బెంగళూరు. ఇప్పటికి ఎంతమందికి చెప్పానో: 18 నుంచి 60 ఏళ్లలోపు వయసుండి, ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేస్తే భవన నిర్మాణ కార్మికుల కార్డు తీసుకోవచ్చు. 1996లో వచ్చిన చట్టంతో మొదలైంది అది. కట్టే ప్రతి పెద్ద బిల్డింగు ఖర్చులో 1 శాతం సెస్సు దానికే పోతుంది. మనోళ్లలో సగంమందికి కార్డే లేదు. బేల్దారి కొడుకా, మీ నాయనకు ఉందా?

బేల్దారి_కొడుకు
లేదు అన్నా. ఎవరో మధ్యలోవాడు 500 తీసుకుని చేయిస్తానని పోయాడట, మళ్లీ కనపడలేదు. నేనే తీసుకుపోయి చేయిస్తా.

అందరివీ చదివా. ఎం బుక్ సార్ అడిగినట్టు కంపెనీకి ఫోన్ చేసి అడిగా. పైన ఒక ప్రాజెక్టు ఇంజనీరు ఉన్నాడట, మూడు సైట్లకు ఆయనే. వారానికి రెండుసార్లు వస్తాడు. మిగతా రోజులు నేను, ఇద్దరు మేస్త్రీలు.

ఎం_బుక్
ఊఁ. అయితే ఇంకొకటి అడుగు. కాంక్రీటు పోసే ముందు పోర్ కార్డు (అన్నీ చూశాం, పోయొచ్చు అని రాసే కాగితం) మీద సంతకం ఎవరిది? నీదైతే నాకు చెప్పు.

ఇంకోటి. మీ నాయన వద్దనేది నిజంగా దుమ్ము గురించేనా? ముప్పై ఏళ్లు అందులో బతికినవాడు, దుమ్ముకు భయపడి కొడుకును ఆపుతాడంటే నాకు నమ్మకం కలగడం లేదు. ఒకసారి కూర్చుని అడుగు.

నల్లరేగడి
సార్ ఆ ప్రశ్న ఎందుకు వేశారో నాకు అర్థమైంది.

బేల్దారి_కొడుకు
నిన్న రాత్రి అడిగా. మిద్దె మీద పడుకున్నాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

ఏడెనిమిదేళ్ల కిందట నాయన ఒక పెద్ద బిల్డింగులో పనిచేశాడు. అక్కడ నాలాంటి పిల్లోడే సూపర్‌వైజర్, డిప్లొమా, ఇరవై రెండేళ్లు. రెండో అంతస్తు స్లాబు పోస్తున్నారు. కింద స్లాబును మోసే ఇనుప జాకీలు తక్కువపడితే సగం చోట్ల సర్వి కట్టెలు పెట్టారు. "ఇంకో ముప్పై జాకీలు రావాలి, రేపు పోద్దాం" అని ఆ పిల్లోడు అన్నాడట. కాంట్రాక్టరు ఫోన్‌లోనే తిట్టాడు, మిక్సర్ అద్దె ఎవడు కడతాడని. పిల్లోడు కాగితం మీద సంతకం పెట్టేశాడు. మధ్యాహ్నం ఒక మూల సెంట్రింగ్ (స్లాబు కింది తాత్కాలిక కట్టడం) కుంగింది. ముగ్గురు కిందపడ్డారు. ప్రాణాలు పోలేదు గానీ ఒకాయనకు తుంటి ఎముక విరిగింది. పోలీసులు వచ్చాక కాంట్రాక్టరు ఆ కాగితం తీసి చూపించాడు. "మా ఇంజనీరు చూసి సంతకం పెట్టాడు సార్, నాకేం తెలుసు" అన్నాడు. ఫోన్‌లో తిట్టింది ఎవరికీ వినపడలేదు గదా.

ఆ పిల్లోడు ఇసుక కుప్ప వెనకాల కూర్చుని ఏడుస్తుంటే నాయనే నీళ్లిచ్చాడట. "నేను గోడ వంకరగా కడితే పగలగొట్టి మళ్లీ కడతా. నీ సంతకం ఎట్ల పగలగొట్టేది రా" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

కంకర_మిషన్
దీని మీద జోకు లేదు.

సీమ_సాఫ్ట్‌వేర్
నేను మానేసింది సంక్రాంతి కోసం కాదు. ఇలాంటిదే. అంత పెద్దది కాదు గానీ ఇలాంటిదే. వదిలెయ్.

ఎం_బుక్
మీ నాయనకు నా నమస్కారం చెప్పు. మా శాఖలో చాలామందికి సర్వీసంతా అయ్యాక కూడా తెలియని సంగతి ఆయన కనిపెట్టాడు.

ఇక చెప్తా విను. ఆ పిల్లోడు చేసిన తప్పు సంతకం పెట్టడం ఒక్కటే కాదు. జాకీలు తక్కువున్నాయన్న మాట నోటితో చెప్పి ఊరుకున్నాడు. ప్రతి సైటులో ఒక సైట్ ఆర్డర్ పుస్తకం ఉండాలి. లేకపోతే 40 రూపాయలు పెట్టి నువ్వే ఒక లాంగ్ నోట్‌బుక్ కొను, పేజీలకు నంబర్లు వెయ్. "ఈ రోజు ఉదయం 9 గంటలకు చూశాను, ఫలానా గ్రిడ్ దగ్గర ముప్పై జాకీలు తక్కువ, పోయవద్దని చెప్పాను" అని రాయి. ఫొటో తియ్. ప్రాజెక్టు ఇంజనీరుకు వాట్సాప్‌లో పంపు. ఆయన "పర్లేదు పోయండి" అని జవాబిస్తే ఆ మాట ఆయన పేరు మీద రాతలో ఉంటుంది. జవాబివ్వకపోతే పోర్ కార్డు మీద సంతకం పెట్టకు. మొదట్లో తిడతారు. రెండుసార్లు అయ్యాక "వీడు రాస్తాడు" అని తెలిసి జాకీలు ముందే తెప్పిస్తారు. నా అనుభవంలో రాసేవాణ్ణి మించిన కాపలా సైటులో లేదు.

నల్లరేగడి
దీనికి ఒకటి కలుపుతా. స్లాబు కింద జాకీలు ఎప్పుడు తీయాలనేది కూడా రాసి పెట్టుకో. నాలుగున్నర మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) అయితే 7 రోజులు, అంతకు మించితే 14. సెంట్రింగ్ వాడు అయిదో రోజే వచ్చి "వేరే సైటుకు కావాలన్నా" అని బతిమాలుతాడు. మొహమాటపడ్డావో అయిపోయావు.

ఇంకా ఎండలు. మే నెలలో కర్నూలులో పదింటికి కాంక్రీటు పోస్తే తొట్టిలోంచి దిగేలోపే బిగుసుకుంటుంది. వెంటనే మేస్త్రీ ఇంకో బకెట్ నీళ్లు కొడతాడు, జారుతుంది బాగుందంటాడు. ఆ బకెట్టే బలాన్ని మింగేస్తుంది. ఒక ఇంట్లో నేను దగ్గర లేనప్పుడు ఇదే జరిగింది. షట్టరింగ్ విప్పితే పైకి కాలం నున్నగా అద్దంలా ఉంది, 28 రోజులకు క్యూబులు (పరీక్షకు పోసిన కాంక్రీటు దిమ్మలు) పగలగొడితే బలం 20 రావాల్సిన చోట 13 వచ్చింది. ఆ నాలుగు కాలాలూ నా డబ్బుతో పగలగొట్టించా. అప్పటి నుంచి ఎండాకాలం తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి తొమ్మిదికి ముగించేస్తా.

రసమట్టం
ఒక మేస్త్రీగా నేను ఒప్పుకోను. అన్ని తప్పులూ మేస్త్రీ బకెట్ మీద తోస్తారు. కాంట్రాక్టరు సిమెంటు మూటలు ఎగ్గొట్టింది ఎవరూ రాయరు.

నల్లరేగడి
అదీ నిజమే. సిమెంటు ఒకటికి ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్లలో ఘనమీటరుకు దాదాపు 8 మూటలు పడాలి. ఖాళీ సంచులు లెక్కపెట్టు తమ్ముడూ. పాత పద్ధతి, ఇప్పటికీ అబద్ధం చెప్పదు.

కంకర_మిషన్
ఖాళీ సంచులు బయట నుంచి కొనుక్కొచ్చి లెక్క చూపించిన మహానుభావుణ్ణి నేను చూశా.

డ్రాయింగ్_అక్క
😂 నేనూ.

తమ్ముడూ, ఇంకో దారి కూడా ఉంది. కట్టడం పని అంటే అపార్ట్‌మెంట్లే కాదు. మన దగ్గరే చూడు, గని–శకునాల సోలార్ పార్కు 1000 మెగావాట్లు, పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ (నీళ్లు పైకి తోడి, వదిలి కరెంటు తీసేది), కొడికొండ నుంచి కడప జిల్లా మీదుగా పోయే బెంగళూరు–విజయవాడ హైవే. పెద్ద పనుల్లో సర్వేయర్లకు, క్వాలిటీ వాళ్లకు వేరే వేరే మనుషులుంటారు, అన్నీ నీ నెత్తిన పడవు. సేఫ్టీ ఆఫీసరంటూ ఒకడుంటాడు. జీతం కొంచెం అటూఇటుగా ఉన్నా అలాంటి చోట మొదలుపెడితే పద్ధతి అలవాటవుతుంది. పద్ధతి లేని చోట మొదలుపెడితే అదే పద్ధతి అనుకుంటావు.

కువైట్_కడప
దీనికి పది లైకులు కొట్టాలని ఉంది, ఒకటే ఇస్తోంది.

గ్రూప్స్_గురూజీ
మరి ఈసెట్ సంగతేంటి? ఎవరూ మాట్లాడలేదు. డిప్లొమాతో ఆగిపోతే ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) పరీక్ష రాయడానికి కుదరదు, బీటెక్ ఉండాలి. ఇది జోకు కాదు.

ఎం_బుక్
గురూజీ చెప్పింది సరైన మాట. ఒకటి రెండేళ్లు పని చేసి, అప్పుడు ఈసెట్ రాసినా ఏం పోదు. సైటు చూసొచ్చినవాడికి బీటెక్ పాఠాలు కథల్లా అర్థమవుతాయి. కానీ చేతిలో జీతం పడ్డాక మళ్లీ చదువుకు పోయేవాళ్లు తక్కువ. అది నీ సంగతి, నీకే తెలియాలి.

కంకర_మిషన్
పెళ్లి సంబంధాల సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. సైట్ ఇంజనీరు అనగానే "ఊర్లు తిరిగే ఉద్యోగమా" అంటారు. నాకు ముగ్గురు అన్నారు. అనుభవంతో చెప్తున్నా.

కువైట్_కడప
నీకు ముగ్గురు చెప్పింది ఉద్యోగం గురించి కాకపోవచ్చు బావా.

బేల్దారి_కొడుకు
బెంగళూరు సైటు వద్దని చెప్పేశా. సంతకం ఎవరిదని అడిగితే "అన్నీ నువ్వే చూసుకోవాలి" అన్నారు. అక్క చెప్పినట్టు హైవే పనిలో ఒక కంపెనీకి పెట్టా, మా సీనియర్ ఒకడు అందులో ఉన్నాడు. సర్వే టీములో హెల్పర్ కమ్ ట్రైనీ. 14 వేలు, ముందు చెప్పినదానికంటే తక్కువే. కానీ ఈఎస్ఐ, పీఎఫ్ ఉన్నాయి, రోజూ పైన సీనియర్ సర్వేయర్ ఉంటాడు. నాయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. బూట్లు కొనడానికి డబ్బులిచ్చాడు.

రసమట్టం
స్టీల్ టో ఉన్నవి కొను. నా ఎడమ బొటనవేలి సాక్షిగా చెప్తున్నా.

బేల్దారి_కొడుకు
ఆరు వారాల తర్వాత రాస్తున్నా. నాయన కార్మికుల కార్డుకు దరఖాస్తు పెట్టాం. పోయిన ఆదివారం నాయన నన్ను చూడ్డానికి క్యాంపుకు వచ్చాడు. అక్కడ మాకు చిన్న స్టోర్ రూమ్ కడుతున్నారు. ప్లింత్ లెవెల్ (పునాది పైమట్టం) నేనే ఆటో లెవెల్ పెట్టి ఇచ్చా. నాయన ఊరికే ఉండలేక సంచిలోంచి మట్టం చూసే నీళ్ల ట్యూబు తీశాడు. (ఊరి నుంచి చూడ్డానికి వచ్చిన మనిషి సంచిలో నీళ్ల ట్యూబు ఎందుకుందో నన్ను అడగొద్దు.) ఒక చివర నన్ను పట్టుకోమన్నాడు. ట్యూబును వేలితో తట్టి బుడగలన్నీ పోయేదాకా ఆగాడు. ఈ మూల నుంచి ఆ మూలకు 30 మీటర్లు. నా గుర్తుకూ, నీళ్ల మట్టానికీ 9 మిల్లీమీటర్ల తేడా.

నేను మిషన్ కరెక్ట్ అన్నా. నాయన "నీళ్లు ఎవరి మాటా వినవు" అన్నాడు. సీనియర్ సర్వేయర్ సెలవులో ఉన్నాడు. ఎవరిది తప్పు?

ఎం_బుక్
మిషన్ ఎక్కడ పెట్టావు? మధ్యలోనా, ఒక మూలకు దగ్గరగానా?

బేల్దారి_కొడుకు
ఒక మూలకు దగ్గరగా సార్. నీడ అక్కడే ఉంది.

ఎం_బుక్
అదీ సంగతి. దూరాలు సమానంగా లేకపోతే మిషన్‌లో ఉన్న తేడా అంతా రీడింగ్‌లోకి వస్తుంది. రేపు టూ పెగ్ టెస్ట్ చెయ్. ముందు సరిగ్గా నట్టనడుమ పెట్టి రెండు వైపులా చదువు, తర్వాత ఒక చివరకు జరిపి చదువు. రెండుసార్లూ తేడా ఒకటే రావాలి.

బేల్దారి_కొడుకు
చేశా సార్. నడుమ పెట్టినప్పుడు నాయన ట్యూబు చూపినంతే వచ్చింది. చివరకు జరిపితే 9 తేడా. మిషన్‌లోనే ఉంది. సీనియర్‌కు ఫోన్ చేసి చెప్పి, నోట్‌బుక్‌లో రాసి, ఫొటో పంపా. సర్వీసింగ్‌కు పంపించారు. అది వచ్చేదాకా స్టోర్ రూమ్ దగ్గర నాయన ట్యూబే వాడుతున్నాం, ఆయన ఊరికి పోతూ వదిలేసి పోయాడు.

కంకర_మిషన్
ట్యూబుకు రోజు అద్దె ఎంతో రాసుకోమను. బిల్లు మాత్రం తొందరగా పెట్టమని చెప్పు.

నల్లరేగడి
బిల్లులో కొంత రిటెన్షన్ అని ఆపి పట్టుకుంటారు, చూసుకో.